మానాల్సింది మానలేదు, ఉండాల్సింది మానేశారు

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది సోంపేట దగ్గర పల్లె. నాన్నకు 54 ఏళ్లు, జీడితోట పని. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన టాబ్లెట్ రాశారు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ల ఏడాదిగా దాదాపు రోజూ వేసుకుంటున్నారు. మొన్న రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే పెరిగేది) 1.6 వచ్చింది. బీపీ బిళ్ల వల్లే కిడ్నీ దెబ్బతిందని ఎవరో చెబితే రెండు వారాలుగా దాన్ని మానేశారు. నొప్పి బిళ్ల మాత్రం వదల్లేదు. నేనేం చెప్పాలి? ఇటు ఫార్మకాలజీలో మందుల పేర్లు ఎంత చదివినా గుర్తుండటం లేదు. పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు నాన్నగారి సంగతి చూద్దామమ్మా. ఆ నొప్పి బిళ్ల ఈ పూటే ఆపించండి. 54 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.6 అంటే వడపోత లెక్క, అంటే ఈజీఎఫ్ఆర్, సుమారు 50కి తగ్గినట్టు. మీ సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఎందరికో వచ్చే కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. అలాంటి చోట, దెబ్బ తీస్తుందని తెలిసిన మందును రోజూ మింగడం ఎందుకు?

ఎలా దెబ్బ తీస్తుందో మీరు పాఠంలో చదివే ఉంటారు. కిడ్నీలో ఒక్కో వడపోత గుత్తికి రక్తం తెచ్చే సన్న నాళం ఒకటి, తీసుకుపోయేది ఒకటి. మడికి నీరొచ్చే తూము, నీరుపోయే తూము అనుకోండి. మడి నిండి ఉంటేనే వడపోత సాగుతుంది. ఒంట్లో నీరు తగ్గిన రోజున వచ్చే తూము మూసుకుపోకుండా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు. నొప్పి బిళ్ల చేసే పని వాటి తయారీని ఆపడమే. మోకాలి దగ్గర ఆపితే నొప్పి తగ్గుతుంది, కిడ్నీ దగ్గర ఆపితే వచ్చే తూము సన్నబడుతుంది. మింగిన బిళ్లకు మోకాలేదో కిడ్నీ ఏదో తెలియదు కదా. టెల్మిసార్టాన్ పోయే తూమును వదులు చేస్తుంది. గుత్తి మీద ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి మామూలుగా అది కిడ్నీకి మేలే. అదే బీపీ బిళ్లలోని థయాజైడ్ ఒంట్లోని నీటిని, ఉప్పును బయటికి పంపుతుంది. ఈ రెండింటికీ నొప్పి బిళ్ల తోడైతే, పైన మే నెల ఎండలో తోటలో కారిన చెమట కూడా కలిస్తే, మడి ఎండిపోతుంది. కొన్ని రోజుల్లోనే క్రియాటినిన్ పైకి పోవచ్చు.

ఇంకో మాట నాన్నగారికి చెప్పండి. టెల్మిసార్టాన్ దాదాపు అంతా పైత్యరసంలో కలిసి మలంలో పోతుంది, మూత్రంలో పోయేది ఒక శాతం లోపే. పాపం, నింద మాత్రం దాని మీద పడింది! అలాగని దాన్ని మళ్లీ మొదలుపెట్టమని నేను ఇక్కడి నుంచి చెప్పను. ముందు బీపీ, క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అన్నది చూడాలి. ఈ మందు పొటాషియంను పెంచగలదు. రేపే మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. కిడ్నీ డాక్టరే చూడాలంటే పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది. మూత్రం బాగా తగ్గినా, కాళ్లూ ముఖం వాచినా, ఆయాసం వచ్చినా రేపటిదాకా ఆగొద్దు.

బిళ్ల మానమంటే చాలామంది "పోనీ సూది వేయండి" అంటారు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందును సూదిగా వేసినా రక్తంలోకి వెళ్లాక అదే మందు, అదే పని. గ్యాస్ బిళ్ల కలిపి వేసుకుంటున్నాం కదా అని ధీమా పడేవాళ్లూ ఉన్నారు. ఆ గ్యాస్ బిళ్ల, అంటే పాంటోప్రజోల్, కాపాడేది కడుపును, కిడ్నీని కాదు. నొప్పికి ప్రస్తుతానికి పారాసిటమాల్ 500, అవసరమైనప్పుడే, రోజుకు మూడు నాలుగు బిళ్లలు మించకుండా. షాపువాళ్లు ఇచ్చే ఎసిక్లోఫెనాక్ నొప్పి బిళ్లల్లో చాలావాటిలో పారాసిటమాల్ కూడా కలిసే ఉంటుంది, ఆ సంగతి మరవొద్దు. వేడి కాపడం, తొడ కండరాలకు వ్యాయామం మీరే నేర్పించగలరు.

ఇక మీ చదువు. మందులకూ ఇంటిపేర్లుంటాయి. మనకు ఇంటిపేరు ముందుంటే వాటికి చివర ఉంటుంది, అంతే తేడా. టెల్మిసార్టాన్, లోసార్టాన్ ఒకే ఇంటివి. ఎనలాప్రిల్, రామిప్రిల్ మరో ఇంటివి. అటెనొలాల్, మెటోప్రొలాల్ ఇంకో ఇల్లు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అన్నదమ్ములు. ఇంటి గుణం ఒకటి నేర్చుకుంటే పది మందులు వచ్చినట్టే. ఆ తర్వాత ప్రతి మందునూ రెండు ప్రశ్నలడగండి: ఒంట్లో ఎంతసేపు ఉంటావు, ఏ దారిన పోతావు? టెల్మిసార్టాన్ సగం తగ్గడానికి దాదాపు 24 గంటలు పడుతుంది, అందుకే రోజుకు ఒక్కటి చాలు. డైక్లోఫెనాక్‌కు రెండు గంటలే, మామూలు బిళ్లను రోజుకు రెండు మూడు సార్లు రాసేది అందుకే. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ మూత్రం దారిన పోతుంది కాబట్టి కిడ్నీ నెమ్మదించిన రోగికి డోసుల మధ్య ఎడం పెంచుతారు. వార్డు డ్యూటీలో కేస్ షీటు చూసినప్పుడల్లా ఇలా అడిగి చూడండి, పుస్తకం పక్కన పెట్టినా గుర్తుంటుంది.

రేపు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఖాళీవి కూడా, ఒక సంచిలో వేసుకెళ్లండి. డాక్టరు రాసినవి మాత్రమే తెచ్చి, షాపులో కొన్న నొప్పి బిళ్లను ఇంట్లో వదిలి వచ్చేవాళ్లను నేను వారం వారం చూస్తుంటాను.