ఏ అకాడమీ, ఏ ఏడు, ఏ పుస్తకం?

ప్రశ్న: 2023లో వచ్చిన ఒక నవలకే 2024 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అని మా మిత్రులంతా అనుకున్నాం. రాలేదు. లోపం ఎక్కడ? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: నవలలో కాదు, మీ లెక్కలో. ఆ ఏడు అది పోటీలోనే లేదు. అవార్డు ఏడాదినీ, దానికి ముందటి ఏడాదినీ వదిలేసి, ఆ వెనకటి అయిదేళ్ళ పుస్తకాలనే చూస్తారు. అంటే 2024 అవార్డుకి 2018 జనవరి 1 నుంచి 2022 డిసెంబరు 31 లోపు వచ్చినవి. మీ నవలకి 2025 నుంచి 2029 దాకా అయిదు అవకాశాలు. లెక్కలోకి వచ్చేది తొలి ముద్రణ తేదీ. పాత పుస్తకానికి కొత్త అట్ట వేసినంత మాత్రాన వయసు తగ్గదు. అందుకే ఊహాగానాలకు ముందు లోపలి పుటలో తొలి ముద్రణ ఏడాది చూడండి. తుది మాట ముగ్గురు సభ్యుల జ్యూరీది. తగిన పుస్తకం లేదనుకుంటే ఆ ఏడు ఇవ్వరు కూడా. తెలుగులో 1958, 1959 అలాగే ఖాళీగా పోయాయి.

ప్రశ్న: మా గ్రంథాలయంలో పాత పుస్తకాల అట్టల మీద ‘సాహిత్య అకాడమీ బహుమతి పొందినది’ అని ఉంది. కేంద్ర అకాడమీ జాబితాలో వెతికితే ఆ పేర్లు లేవు. (ఒక గ్రంథపాలకురాలు, తెనాలి)

జవాబు: చాలామంది పరిశోధక విద్యార్థులు కూడా ఇక్కడే బోల్తా పడతారు. 1957లో ఏర్పడి 1983లో రద్దయిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఒకటి ఉండేది. అదీ బహుమతులిచ్చింది. ప్రచురణకర్తలు రాష్ట్రం పేరు మింగేసి ‘సాహిత్య అకాడమీ’ అని మాత్రమే వేసుకున్న సందర్భాలే ఎక్కువ. అట్టను నమ్మకండి, ముందుమాటలోనో లోపలి పుటలోనో పూర్తి పేరు ఉంటుంది.

ఇప్పుడు మరో గందరగోళం. కేంద్ర అకాడమీయే 1989 నుంచి అనువాదాలకీ, 2010 నుంచి బాలసాహిత్యానికీ, 2011 నుంచి 35 ఏళ్ళు దాటని యువ రచయితలకీ వేరే పురస్కారాలిస్తోంది. పత్రికలు అన్నిటికీ ఒకే శీర్షిక పెడతాయి. నగదు చూస్తే ఇట్టే తెలుస్తుంది: ప్రధాన అవార్డుకి లక్ష, వీటికి యాభై వేలు. (1955లో ప్రధాన అవార్డే అయిదు వేలు!)

ప్రశ్న: సినారెకి జ్ఞానపీఠం ‘విశ్వంభర’కే కదా? (ఒక విద్యార్థి, కరీంనగర్)

జవాబు: అందరూ అలాగే అంటారు, పోటీ పరీక్షల గైడ్లతో సహా. జ్ఞానపీఠం ఒక రచనను ఎంచి ఇచ్చింది 1981 దాకానే. 1982 నుంచి రచయిత మొత్తం కృషికి. కాబట్టి విశ్వనాథకి 1970లో ‘రామాయణ కల్పవృక్షం’ కోసం వచ్చిందనడం సరైనదే. సినారె (1988), రావూరి భరద్వాజ (2012) విషయంలో ఒక్క పుస్తకం పేరు చెప్పడం అలవాటే తప్ప నియమం కాదు. విశ్వనాథకి కేంద్ర అకాడమీ అవార్డు వచ్చింది మాత్రం 1962లో, ‘విశ్వనాథ మధ్యాక్కరలు’కి. ఈ రెండూ కలిపేయకండి.

ప్రశ్న: 1955 నుంచి తెలుగు జాబితా సొంతంగా రాసుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి? (ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అనంతపురం)

జవాబు: అవార్డు ఏడు, పుస్తకం, ప్రక్రియ, తొలి ముద్రణ, రచయిత అని అయిదు గళ్ళు గీయండి. అవార్డు రాని ఏళ్ళకి కూడా ఒక వరస ఖాళీగా వదలండి, లేకపోతే కింది వరసలన్నీ ఒక ఏడు జరిగిపోతాయి. ప్రక్రియ (నవలా, కవితా, చరిత్రా అన్నది) గడి మానకండి, అన్నీ నవలలూ కవితలూ కావు. మొదటి అవార్డే సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కి, 1961లో బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’. నవల మొదటిసారి 1963లో కనిపిస్తుంది: ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’. దాని రచయిత గోపీచంద్ అప్పటికి లేరు, 1962లోనే పోయారు.