"ఈయన మీకు ఏమవుతారు?" అని అడిగితే ఉన్నమాట చెప్పగలిగే దేశానికి వెళ్లండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరూ మీ పార్ట్‌నర్, ఇద్దరూ మగవాళ్లు, మొదటిసారి విమానమెక్కి దూరంగా రెండు వారాల సెలవుకు వెళ్దామనుకుంటున్నారు. మాల్దీవులా, దక్షిణాఫ్రికానా, న్యూజిలాండా అన్నది తేలడం లేదు. నేనూ మావాడూ కలిసి పదకొండేళ్లుగా తిరుగుతున్నాం కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను. మాల్దీవులు వద్దు. మిగతా రెండింట్లో ఏదైనా సరే. ఎందుకన్నది చెప్పాలంటే మాత్రం కాస్త పొడుగ్గా రాయాలి.

అందరూ ముందు సముద్రం ఫొటోలు చూస్తారు, తర్వాత టికెట్ ధర చూస్తారు, అన్నీ అయ్యాక "అక్కడ మనలాంటి వాళ్లకి ఇబ్బంది ఉంటుందా?" అని అడుగుతారు. దానికి ఎప్పుడూ ఒకటే జవాబు వస్తుంది: "టూరిస్టుల జోలికి ఎవరూ రారు." నిజమే, రారు. మీ ఇద్దరి ఆరోగ్యం బాగున్నంతసేపూ ఎవరూ రారు. కానీ మీలో ఒకరికి అర్ధరాత్రి జబ్బు చేస్తే రెండో మనిషిని ఎక్కడ కూర్చోబెడతారు? దేశాన్ని ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఇదొక్కటే. ఇది నాకు ఊరికే తట్టిన ఆలోచన కాదు.

ఆరేళ్ల కిందట మేమూ మీలాగే నీలం నీళ్లకు ఆశపడి ఒక ద్వీప దేశానికి వెళ్లాం. మగవాళ్ల మధ్య సంబంధం అక్కడ నేరం. ఆ సంగతి మాకు తెలుసు. రిసార్ట్ వాళ్లు మర్యాదస్థులే. గది బుక్ చేసేటప్పుడే భయపడి రెండు మంచాలది తీసుకున్నాం. రోజూ పొద్దున్నే లేచి, ఎవరూ పడుకోని ఆ రెండో మంచం మీద దుప్పటి నలిపేవాళ్లం. దిండు మీద గుంట పడేలా మోచేత్తో నొక్కేవాళ్లం. శుభ్రం చేయడానికి వచ్చే కుర్రాడు ఏమీ అనుకోకూడదని. మొదటి రోజు అది మాకు ఆటలాగే అనిపించింది. మూడో రోజు మావాడు దిండు నొక్కుతూ ఉన్నట్టుండి ఆగిపోయి, మంచం అంచున కూర్చుని, "ఇంత దూరం వచ్చింది ఇందుకా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రే తనకి వాంతులు మొదలయ్యాయి. తెల్లవారుజామున రెండింటికి ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తెరవలేకపోతున్నాడు. స్పీడ్ బోటులో పక్క దీవిలోని చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. నలభై నిమిషాలు తన తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బోటు నడిపే ఆయన వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా నా చెయ్యి తన జుట్టులోంచి తీసేస్తూనే ఉన్నాను. ఆ చెయ్యి తీసేయడాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

కౌంటర్ దగ్గర ఒకాయన ఫారం ముందు పెట్టి, పెన్ను పట్టుకుని అడిగాడు. అడిగింది ఇంగ్లిష్‌లోనే. నాకు మాత్రం తెలుగులోనే వినపడింది: ఈయన మీకు ఏమవుతారు?

మన భాషలో ఎంత దూరపు చుట్టరికానికైనా ఏదో ఒక పిలుపు ఉంటుంది. తోడల్లుడికి ఉంది, వియ్యంకుడికి ఉంది, పిన్ని ఆడపడుచు కొడుక్కి కూడా లెక్క కట్టి ఏదో ఒకటి చెబుతాం. ఆ రాత్రి నా నోట్లోంచి వచ్చింది "ఫ్రెండ్". ఆయన ఆ మాట రాసుకుని, ఫ్రెండ్స్ బయట కూర్చోవాలన్నాడు. తనని లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు.

తలుపులో చిన్న అద్దం ఉంది. అందులోంచి తెర కింద మావాడి పాదాలు మాత్రం కనిపించాయి. ఒక కాలికి సాక్స్ ఉంది, రెండో కాలికి లేదు. అప్పుడు గుర్తొచ్చింది, తనకి పెన్సిలిన్ పడదు. చిన్నప్పుడు ఒకసారి ఇచ్చారట, ముఖమంతా వాచి ఊపిరాడలేదట. ఆ సంగతి ఆ దీవిలో తెలిసింది తనకీ నాకూ మాత్రమే. తనకేమో స్పృహ సరిగ్గా లేదు. అద్దం మీద కొట్టాను. నర్సు వచ్చి, "ఫ్యామిలీనా?" అంది. ఈసారి అబద్ధమాడాను, "తమ్ముడు" అన్నాను. కౌంటర్ ఆయన అక్కడి నుంచే రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఇంటిపేర్లు వేరు. "పిన్ని కొడుకు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు, పాస్‌పోర్టులు మూసి సొరుగులో పెట్టాడు. చివరికి బోర్డింగ్ పాస్ వెనకాల పెద్ద అక్షరాలతో పెన్సిలిన్ పడదని రాసి తలుపు కింద నుంచి తోశాను. దాన్ని ఎవరైనా తీసుకుంటారో లేదోనని ఎంతసేపు చూశానో చెప్పలేను. ఒక చెయ్యి వంగి ఆ కాగితం తీసుకుంది. తెల్లారే దాకా నాకు తెలిసింది అంతే.

మావాడు బతికాడు, సెలైన్ ఎక్కించుకుని రెండు రోజుల్లో లేచి కూర్చున్నాడు. ఆ డాక్టర్ల మీద నాకు కోపం లేదు, వైద్యం బాగానే చేశారు. ఫారం మీద నాకు చోటు లేకపోవడం వాళ్ల తప్పు కాదు. ఆ దేశపు చట్టంలోనే నాకు చోటు లేదు. ఫారాలు చట్టాన్ని చూసే తయారవుతాయి. మనలాంటి జంటల పెళ్లిని గుర్తించే దేశంలో గుమాస్తాకి మనమంటే ఇష్టం లేకపోయినా, అతని ముందున్న కాగితంలో మనకో గడి ఉంటుంది. నా లెక్కలో వంద ఇంద్రధనస్సు జెండాలకంటే ఆ గడే ఎక్కువ.

జెండాలంటే గుర్తొచ్చింది. "టాప్ టెన్ గే ఫ్రెండ్లీ" లిస్టులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటిలో ముప్పావు వంతు బార్ల పేర్లే. మాకు బార్లు అక్కర్లేదు, రాత్రి తొమ్మిదిన్నరకి నిద్ర వస్తుంది. బ్యాంకాక్‌లో సీలోమ్ వీధి బార్లు నాకు తెలిసినప్పటి నుంచీ కిటకిటలాడుతూనే ఉన్నాయి. కానీ థాయ్‌లాండ్‌లో మనలాంటి జంటలకు పెళ్లి హక్కు అమల్లోకి వచ్చింది 2025 జనవరి 23న. ఆ తేదీకి ముందు కూడా ఆ లిస్టుల్లో థాయ్‌లాండే మొదటి వరసలో ఉండేది. అంటే ఆ లిస్టు రాసేవాళ్లకి రాత్రి పది గంటల సందడి కనిపిస్తుంది, తెల్లవారుజాము మూడు గంటల ఆసుపత్రి కనిపించదు. ఇప్పుడైతే థాయ్‌లాండ్‌కి నిశ్చింతగా వెళ్లమనే చెబుతాను.

ఇక మీ మూడు దేశాలు. మాల్దీవుల్లో మగవాళ్ల మధ్య సంబంధం ఇప్పటికీ నేరమే, జైలుశిక్ష ఉంది. విడిగా ఒక్కో దీవిలో ఉండే రిసార్టులు పట్టించుకోవని అంటారు. రిసార్టు దాటి ఆసుపత్రికో పోలీస్ స్టేషన్‌కో వెళ్లాల్సి వస్తే మీరు ఆ దేశపు చట్టం కిందికి వచ్చేస్తారు. ఆ నీళ్లే కావాలంటే వేరే దారులున్నాయి. సీషెల్స్ 2016లో ఆ నేరాన్ని చట్టంలోంచి తీసేసింది. మారిషస్‌లో 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ రెండు చోట్లా పెళ్లికి గుర్తింపు లేదు కాబట్టి నా లెక్కలో ఇవి సగం మార్కుల దేశాలే. పూర్తి మార్కులు కావాలంటే తాహితి, బోరా బోరా ఉన్న ఫ్రెంచ్ పాలినేషియా చూడండి. అలాగే మారిషస్ పక్కనే ఉన్న రీయూనియన్ దీవి. రెండూ ఫ్రాన్స్ కిందివే, 2013లో వచ్చిన ఫ్రాన్స్ పెళ్లి చట్టం రెండు చోట్లా వర్తిస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియక, అదే రంగు నీళ్ల కోసం జైలుశిక్షలున్న చోటికి వెళ్తుంటారు.

దక్షిణాఫ్రికాలో పెళ్లి హక్కు 2006 నుంచి ఉంది. లైంగికత ఆధారంగా వివక్ష చూపకూడదని ప్రపంచంలో మొట్టమొదట రాజ్యాంగంలో రాసుకున్నది వాళ్లే. కేప్‌టౌన్‌లో డి వాటర్‌కాంట్ అనే పేటలో మేం పది రోజులు ఉన్నాం. అక్కడ నాకు బాగా గుర్తుండిపోయింది టేబుల్ మౌంటెన్ కాదు. చెక్-ఇన్ దగ్గర ఒక పెద్దావిడ కంప్యూటర్ చూస్తూనే, తల కూడా ఎత్తకుండా, "పెద్ద మంచం ఒకటి, అంతేగా?" అంది. నేను దారి పొడవునా మనసులో తయారు చేసుకున్న వాక్యాలన్నీ అలాగే ఉండిపోయాయి. గదిలోకి వెళ్లగానే మావాడు బూట్లు కూడా విప్పకుండా పడుకుని, మర్నాడు పొద్దున దాకా లేవలేదు. తను అంత నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. అయితే ఆ దేశంలో నేరాలు ఎక్కువ, అది గే అయినా కాకపోయినా అందరికీ ఉన్న సమస్యే. చీకటి పడ్డాక నడక వద్దు, కారు పిలిపించుకోండి. పెద్ద నగరాలు దాటి వెళ్లేకొద్దీ చట్టం వేరు, మనుషుల చూపు వేరు, ఆ తేడా మీకే తెలుస్తుంది.

న్యూజిలాండ్‌కి మేమింకా వెళ్లలేదు. పెళ్లి చట్టం 2013 నుంచి ఉంది. మీ ఇద్దరికీ కొండలూ నడకా ఇష్టమైతే రెండో ఆలోచన వద్దు. డిసెంబరు, జనవరి అక్కడ వేసవి, గదులు ముందే అయిపోతాయి. దారిలో సిడ్నీ ఆగాలనుకుంటే, ఫిబ్రవరి, మార్చి మధ్య జరిగే మార్డి గ్రా అనే మనలాంటి వాళ్ల పండగ చూడొచ్చు. అది 1978లో ఊరేగింపుగా మొదలైంది, మొదటి ఏడాదే పోలీసులు 53 మందిని అరెస్టు చేశారు. ఇప్పుడు అదే ఊరేగింపులో పోలీసులూ నడుస్తారు. హోటల్ ధరలు మాత్రం ఆ వారాల్లో బాగా పెరిగిపోతాయి. ఊరేగింపు కోసమే వెళ్లకపోతే ఆ తేదీలు తప్పించుకోండి.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి, మధ్యలో విమానం మారే చోటు. దూర ప్రయాణాలకి చవక టికెట్లు చాలావరకు గల్ఫ్ మీదుగా ఉంటాయి. రెండు గంటలు ఎయిర్‌పోర్టులో కూర్చుని ఇంకో విమానం ఎక్కేస్తే ఏ గొడవా ఉండదు. కానీ విమానం రద్దయి రాత్రికి హోటల్‌కి పంపారనుకోండి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని మీరు ఆ దేశంలోకి అడుగు పెట్టినట్టే. యూఏఈలో, ఖతార్‌లో మన సంబంధం నేరం. ఒకసారి మాకు అలాగే అయింది. ఆ రాత్రి ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు, అయినా ఫోన్లో ఫొటోలన్నీ వేరేచోట దాచి, డేటింగ్ యాప్ కాదు కదా, మా ఇద్దరి చాట్ కూడా తీసేసి పడుకున్నాను. అందులో తొమ్మిదేళ్ల మాటలున్నాయి, మళ్లీ వెనక్కి రాలేదు. అప్పటి నుంచి టికెట్ కాస్త ఎక్కువైనా వేరే దారి చూస్తాం. ఈజిప్టులో పోలీసులు డేటింగ్ యాప్‌లలో మారుపేర్లతో వల వేసి మనుషుల్ని పట్టుకున్న కేసులు చాలానే ఉన్నాయి, అక్కడికి వెళ్తే ఆ యాప్‌లు ఫోన్లో ఉంచొద్దు.

"మరీ అంత భయమెందుకు, నలుగురిలో చేతులు పట్టుకోకుండా ఉంటే సరిపోతుందిగా?" అని మా స్నేహితులే అంటారు. చేతులు పట్టుకోవడం దాకా ఎందుకు, రెస్టారెంట్‌లో తన ప్లేటులోంచి ఒక ముక్క తీసుకోవాలన్నా చుట్టూ చూస్తాం. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేయాలన్నా చూస్తాం. ఏడాదంతా అలా చూస్తూనే బతికి, సెలవులో కూడా చూస్తూనే ఉండాలంటే ఆ సెలవు ఎందుకు? ఆ మాట అనేవాళ్లు తమ భార్యతో రెండు వారాలు అలా ఉండి చూసి, అప్పుడు నాతో మాట్లాడాలి.

పోతే, ఎక్కడికి వెళ్లినా ఈ పని మాత్రం చేసి వెళ్లండి. నాకు ఏమైనా అయితే వైద్యం గురించి నా తరఫున నిర్ణయించాల్సింది ఇతను అని ఇద్దరూ చెరొక కాగితం రాయించి, నోటరీ చేయించి, ఇంగ్లిష్‌లో దగ్గర పెట్టుకోండి. నేరంగా చూసే దేశంలో దానికి విలువ ఉంటుందని మాట ఇవ్వలేను, మిగతా చోట్ల చాలా పనికొస్తుంది. ఇన్సూరెన్స్‌లో ఒకరి పేరు ఒకరు ఎమర్జెన్సీ కాంటాక్టుగా రాయించండి. ఫోన్ లాక్ తీయకుండానే కనిపించే ఎమర్జెన్సీ సమాచారంలో పడని మందుల పేర్లు పెట్టండి. ప్రెప్ (హెచ్‌ఐవీ సోకకుండా ముందుగా వాడే మందు) లాంటివి వాడుతుంటే డాక్టర్ చీటీతో సహా అసలు డబ్బాలోనే, చేతి సంచిలో పెట్టుకోండి.

మా కాగితాలు పాస్‌పోర్ట్ కవర్‌లోనే ఉంటాయి. మావాడిది మడతల దగ్గర చిరిగిపోతే కిందటేడు మళ్లీ రాయించాం. పెన్సిలిన్ సంగతి ఈసారి అందులోనే, మొదటి లైన్‌లో రాయించాను.