లాంబ్డా ఏపీఐకి టోకెన్ ఎక్కడ చెక్ చేయాలి? మామిడి మండీ యాప్ కట్టినప్పటి అనుభవం

మీరు అడిగింది ఇది: సర్వర్ పెట్టుకోకుండా, రిక్వెస్టు వచ్చినప్పుడే మీ కోడ్‌ని (ఫంక్షన్‌ని) నడిపే అమెజాన్ సేవ ఏడబ్ల్యూఎస్ లాంబ్డాతో ఏపీఐ (యాప్ డేటా అడిగి తీసుకునే దారి) కడుతున్నారు, లాగిన్ అయినవాళ్ళకే డేటా వెళ్ళాలి, మరి టోకెన్‌ని (లాగిన్ అయ్యాక ఇచ్చే గుర్తింపు) ప్రతి ఫంక్షన్ లోపలా చెక్ చేయాలా, ఫంక్షన్లకు ముందుండే గేట్‌వే దగ్గరే ఆపేయాలా అని. గేట్‌వే దగ్గరే ఆపండి. కానీ దాంతో సగం పనే అవుతుంది, మిగతా సగం గురించి చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

నాది తిరుపతి. రెండేళ్ళ కిందట దామలచెరువులో ఒక మామిడి మండీకి కాటా చీటీల యాప్ చేసిచ్చాను. ట్రాక్టర్ కాటా ఎక్కుతుంది, గుమస్తా ఫోన్‌లో బరువు, రకం, రేటు కొడతాడు, రైతు ఫోన్‌కి చీటీ వెళుతుంది, అంతే. కాయ వచ్చేది ఏడాదిలో రెండు మూడు నెలలు, మిగతా కాలమంతా మండీ ఖాళీ. అలాంటి చోట పన్నెండు నెలలూ సర్వర్ అద్దె కట్టించడానికి నాకు మనసొప్పలేదు. లాంబ్డా అయితే వాడినప్పుడే లెక్క, నెలకు 10 లక్షల రిక్వెస్టుల దాకా ఉచితం, ఒక మండీకి అది ఎక్కువే.

తిరుపతిలో టోకెన్ అంటే శ్రీనివాసం దగ్గరో విష్ణునివాసం దగ్గరో లైన్లో నిలబడి తీసుకునే సర్వదర్శనం టోకెనే గుర్తొస్తుంది. మండీ యజమానికి జేడబ్ల్యూటీ (మనం మాట్లాడుతున్న లాగిన్ టోకెన్ రకం) గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నేనూ దాన్నే చూపించాను. ఎవరికిచ్చారు, ఏ టైముకు చెల్లుతుంది, ఎవరిచ్చారు, అన్నీ టోకెన్‌లోనే ఉంటాయి. జేడబ్ల్యూటీలో వాటితో పాటు ఇచ్చినవాళ్ళ సంతకం కూడా ఉంటుంది కాబట్టి గేటు దగ్గర చూసేవాడు ప్రతిసారీ డేటాబేస్‌ని అడగక్కర్లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఆ సంతకం టోకెన్‌ని మార్చకుండా కాపాడుతుందే గానీ లోపలిది దాచదు. బేస్64 అనే మామూలు అక్షరాల మార్పిడిని విప్పితే ఎవరైనా చదివేయొచ్చు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా లాంటివి అందులో పెట్టొద్దు.

ఇప్పుడే మొదలుపెడుతున్నారు కాబట్టి ఏపీఐ గేట్‌వేలో హెచ్‌టీటీపీ ఏపీఐ అనే రకం తీసుకోండి. అందులో జేడబ్ల్యూటీ ఆథరైజర్ (టోకెన్ చెక్ చేసే భాగం) ముందే ఉంది, టోకెన్ ఎవరిస్తున్నారో, ఏ యాప్ కోసమో రెండూ రాసిస్తే చాలు, సంతకం, గడువు అదే చూసుకుంటుంది. చెల్లని టోకెన్ వస్తే 401 (గుర్తింపు చెల్లదు) ఇచ్చి పంపేస్తుంది, మీ ఫంక్షన్ అసలు లేవనే లేవదు. టోకెన్లు ఇవ్వడానికి అమెజాన్ లాగిన్ సేవ కాగ్నిటో వాడితే యాక్సెస్ టోకెన్ (ఏపీఐకి చూపించేది) మామూలుగా గంట, రిఫ్రెష్ టోకెన్ (మళ్ళీ లాగిన్ అవకుండా కొత్తది తెచ్చేది) 30 రోజులు ఉంటాయి, మొదట్లో వాటిని కదపక్కర్లేదు.

నేను ఈ దారిలో వెళ్ళలేదు. గుమస్తాలకు ఒక అనుమతి, రైతులకు ఒకటి, పల్ప్ ఫ్యాక్టరీ కొనుగోలుదారులకు ఇంకొకటి ఉండాలని గేట్‌వేలోనే ఇంకో రకమైన రెస్ట్ ఏపీఐ పెట్టి, టోకెన్ చెక్ చేసే కోడ్ (లాంబ్డా ఆథరైజర్) సొంతంగా రాశాను. అక్కడే దెబ్బ తిన్నాను.

జూన్‌లో తోతాపురి దిగడం మొదలైంది. ఒకరోజు సాయంత్రం ఆరు దాటాక గుమస్తా ఫోన్. "అన్నా, రేటు కనపడతా ఉంది, చీటీ కొడితే మాత్రం 403 అంటా ఉంది." అంటే అనుమతి లేదని. నేను ఇక్కడ ల్యాప్‌టాప్‌లో చీటీ పంపి చూస్తే పోతోంది. కాసేపటికి అతనికీ పోయింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ ఫోన్, "ఇప్పుడు చీటీ పోతా ఉంది, రేటు రాలేదన్నా." వెనక ట్రాక్టర్ల హారన్లు నాకు వినపడుతూనే ఉన్నాయి. ఆ రాత్రికి వాళ్ళు పాత చీటీ పుస్తకం, కార్బన్ పేపరు బయటికి తీశారు. నాకు నిద్ర పట్టలేదు, నన్ను నమ్మి సీజన్‌ మొత్తం చేతిలో పెట్టారు కదా.

లాగ్స్ ముందేసుకుని కూర్చుంటే రెండో రాత్రి దొరికింది. ఆథరైజర్ ఇచ్చిన జవాబును గేట్‌వే టోకెన్ పేరుతో కాష్‌లో దాచుకుంటుంది, డిఫాల్ట్‌గా 300 సెకన్లు. నా కోడ్ ఏం చేస్తోందంటే, ఏ రూట్ (రేటు, చీటీ లాంటి ఒక్కో పనికి ఉండే ఏపీఐ చిరునామా) అడిగారో ఆ ఒక్క రూట్‌కే అనుమతి రాసిస్తోంది. గుమస్తా ముందు రేటు చూస్తే ఆ ఐదు నిమిషాలూ రేటుకే అనుమతి, చీటీ కొడితే 403. ముందు చీటీ కొడితే రేటు బంద్. నేను చీటీ రూట్‌నే పదేపదే కొట్టి చూస్తున్నాను కాబట్టి నాకు తప్పు కనపడలేదు. మనిషికి ఏయే రూట్లు చెల్లుతాయో అన్నీ కలిపి ఒకే పాలసీలో (అనుమతుల జాబితాలో) ఇచ్చేలా మార్చాను, కుదిరింది. మీరూ సొంతంగా రాస్తే వెతికేటప్పుడు ముందు కాష్ టైమ్‌ని సున్నా చేయండి, అప్పుడు తప్పు మాయమైతే అది కాష్ దగ్గరిదేనని తెలుస్తుంది. ఇంకోటి, సంతకం సరిచూసే పబ్లిక్ కీలను హ్యాండ్లర్ (ప్రతి రిక్వెస్టుకీ నడిచే కోడ్) బయట ఒకసారి తెచ్చి పెట్టుకోండి, లేకపోతే ప్రతి రిక్వెస్టుకీ ఆ ఆలస్యం పడుతుంది. ఆర్ఎస్256 అనే సంతకం పద్ధతి మాత్రమే ఒప్పుకుంటానని కోడ్‌లోనే రాయండి, ఏ పద్ధతో టోకెన్ హెడర్ (దాని మొదటి భాగం) చెప్పింది నమ్మొద్దు.

బ్రౌజర్ నుంచి పిలిచేటట్టయితే సీఓఆర్ఎస్ (ఒక సైటు పేజీ వేరే చోటున్న ఏపీఐని పిలవొచ్చా అన్న బ్రౌజర్ నియమం) కూడా చూసుకోవాలి. అనుమతి ఉందా అని బ్రౌజర్ ముందుగా పంపే ఆప్షన్స్ రిక్వెస్టులో టోకెన్ ఉండదు, దానికి ఆథరైజర్ తగిలిస్తే అసలు రిక్వెస్టు బయలుదేరదు. రెస్ట్ ఏపీఐలో గేట్‌వే తనంతట తానిచ్చే 401, 403 జవాబులకు కూడా సీఓఆర్ఎస్ అనుమతి చెప్పే హెడర్లు కలపాలి. లేకపోతే టోకెన్ గడువు అయిపోయినా బ్రౌజర్ సీఓఆర్ఎస్ తప్పనే చూపిస్తుంది, మీరు ఇంకెక్కడో వెతుకుతుంటారు.

ఇక మిగతా సగం. గేటు దగ్గర తెలిసేది వచ్చినవాడు ఎవరని మాత్రమే. అడుగుతున్న చీటీ అతనిదేనా అన్నది గేట్‌వేకి తెలియదు. మా యాప్‌లో చీటీ నంబర్లు వరుసగా ఉండేవి. ఒక రైతు కొడుకు లింకులో చివరి అంకె మార్చి చూస్తే పక్క ఊరి రైతు బరువు, రేటు, వచ్చిన డబ్బు అన్నీ వచ్చేశాయి. ఆ అబ్బాయి మంచివాడు, నేరుగా నాకే ఫోన్ చేసి చెప్పాడు. టోకెన్ సరైనదే, గేట్‌వే తన పని సరిగ్గానే చేసింది, చూసుకోవాల్సింది నేను. అప్పటి నుంచి రైతు ఐడీని రిక్వెస్టులో అతను పంపినదాని నుంచి తీసుకోను, ఆథరైజర్ టోకెన్ లోంచి తీసి రిక్వెస్ట్ కాంటెక్స్ట్‌లో (గేట్‌వే ఫంక్షన్‌కి అందించే వివరాల్లో) పెట్టినదే తీసుకుంటాను, అమెజాన్ డేటాబేస్ డైనమోడీబీలో పార్టిషన్ కీ (రికార్డులు వెతికే ముఖ్య గుర్తు) కూడా అదే. వేరేవాళ్ళ చీటీ అడిగితే 404 (అలాంటిది లేదు) వస్తుంది.

మీ ఏపీఐ ఎవరికైనా ఇచ్చే ముందు ఇద్దరు యూజర్ల పేరుతో రెండు టోకెన్లు తీసుకుని, ఒకరి టోకెన్‌తో రెండోవాళ్ళ డేటా అడిగే టెస్టు ప్రతి రూట్‌కీ రాయండి. నా దగ్గర ఇప్పుడు డిప్లాయ్ చేసే ముందు నడిచే మొదటి టెస్టు అదే.