గాలి ఎలా పీల్చాడమ్మా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్ను చేత పట్టుకున్నాను. కాబట్టి ఉత్తరం కాస్త ఘాటుగా ఉంటే ఓర్చుకో. భాష బాగుంది. ఇక అసలు సంగతికి వస్తాను.

ఫ్రెంచి డైవర్ జాక్ కూస్తో గురించి "సముద్రాన్ని జయించిన మహావీరుడు కూస్తో" అని ఎత్తుకున్నావు. అలలున్నాయి, నీలిమ ఉంది, ఎర్రటోపీ కూడా ఉంది. ఇంతకీ ఆయన నీళ్ళలో గాలి ఎలా పీల్చాడమ్మా? "ఒక అద్భుత పరికరాన్ని కనిపెట్టి" అంటూ అక్కడొక్కచోట గబగబా దాటేశావు. ఆ ఒక్క ముక్క కోసమే కదా నేను చదవడం మొదలుపెట్టింది!

మనిషి మీటరు లోతున ఉండి గొట్టంతో పైగాలి పీల్చబోతే నీటి బరువుకి రొమ్ము విప్పారదు. 10 మీటర్లు దిగితే ఒత్తిడి గట్టు మీదకన్నా రెండింతలు. అందుకని నోటికి వచ్చే గాలి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడితోనే రావాలి, అదీ పీల్చినప్పుడే రావాలి. మీ వంటింటి గ్యాస్ రెగ్యులేటర్ పొయ్యికి ఎప్పుడూ ఒకే ఒత్తిడితో వదులుతుంది. డైవర్ రెగ్యులేటర్ మాత్రం లోతు మారినప్పుడల్లా తానూ మారాలి. ఈ చిక్కు విడడానికి ఎనభై ఏళ్ళు పట్టింది.

1860ల్లోనే ఫ్రాన్సులో గనుల ఇంజనీరు రుకెరోల్, నౌకాదళం మనిషి డెనెరూజ్ కలిసి పీల్చితేనే గాలినిచ్చే యంత్రం చేశారు. అప్పటి డబ్బాలు ఎక్కువ ఒత్తిడికి ఆగేవి కావు, అందుకే పైనుంచి పంపు గొట్టం తప్పలేదు. 1926లో ల ప్రియూర్ అనే ఫ్రెంచి నౌకాదళాధికారి గొట్టం తీసేసి సిలిండర్ తగిలించాడు. కానీ వాల్వుని చేత్తో తిప్పి గాలి వదులుకోవాలి, సగం వృథాగా పోయేది. నీ వ్యాసంలో వీళ్ళెవరూ లేరు. పోనీ, గాన్యాన్ అయినా ఉండాలి కదా?

ఎమిల్ గాన్యాన్ పారిస్‌లో గ్యాస్ పరికరాల ఇంజనీరు. జర్మన్ల ఆక్రమణలో పెట్రోలు కరువై కార్లు గ్యాసుతో నడుస్తుంటే, ఇంజనుకి ఎంత కావాలో అంతే అందించే వాల్వు ఆయన దగ్గర తయారుగా ఉంది. 1942 చివర్లో కూస్తో వెళ్ళి కలిసింది ఆయన్నే. 1943 జనవరిలో ఆ వాల్వునే డైవింగుకి మార్చి మార్న్ నదిలో పరీక్షించారు. అడ్డంగా ఈదితే బాగానే ఉంది. నిలువుగా నిలబడితే గాలి బుసబుసా పోయింది, తలకిందులైతే పీల్చడమే కష్టమైంది. ఇద్దరూ డీలాపడి కారెక్కారు. పారిస్ చేరేలోపే కారణం తట్టింది. గాలి వచ్చే చోటుకీ వదిలిన గాలి పోయే చోటుకీ మధ్య 15 సెంటీమీటర్ల ఎడం ఉంది. ఆ కాస్త నీటి ఎత్తు తేడాయే అంత పనీ చేసింది. రెంటినీ పక్కపక్కకి చేర్చారు, సరిపోయింది. ఆ జానెడు ఎడం గురించి ఒక పేజీ రాయి. నీ మహావీరుడు అప్పుడు కనిపిస్తాడు.

నాకు ఈ పట్టుదల ఊరికే రాలేదులే. కుర్రతనంలో రైలు వాక్యూమ్ బ్రేకు మీద వ్యాసం రాశాను. గొట్టంలోంచి గాలి లాగేస్తే బ్రేకులు వదులుతాయి, ఎక్కడ చిల్లుపడినా గాలి చొరబడి అవే పట్టేస్తాయి. అందులో ఎంత తెలివుందో చెప్పాలని నా తాపత్రయం. ఆదివారం సంచిక సంపాదకుడొకాయన ఆ రెండు పేరాలూ కోసేసి, డ్రైవరు మీసాల పేరా ఉంచాడు. "పాఠకుడికి గొట్టాలెందుకయ్యా" అన్నాడు. ఆయన శిష్యులే ఇవాళ పత్రికలనిండా స్ఫూర్తి వ్యాసాలు దంచుతున్నారు. ఎవరి పేరు మార్చినా అదే వ్యాసం.

జార్జ్ కొమెన్ పేరు విన్నావా? అదే 1943 జులైలో, మార్సే దగ్గర, తన సొంత పరికరంతో 53 మీటర్లు దిగాడు. మరుసటి ఏడాది యుద్ధంలో చచ్చిపోయాడు. బతికుంటే ఎవరి పేరు చెప్పుకునేవాళ్ళమో!

నాకు నిజంగా కోపం తెప్పించింది నీ రెండో పేజీ. "ప్రయోగాల్లో దురదృష్టవశాత్తు ఒకరు మరణించారు." ఒకరా? ఆయన పేరు మోరీస్ ఫార్గ్, కూస్తో బృందంలో డైవర్. 1947లో ఎంత లోతుకి పోగలమో చూద్దామని తాడుకి పలకలు కట్టి దింపారు. దిగినవాడు చేరిన ప్రతి పలక మీదా సంతకం పెట్టాలి. తాడు కదలడం ఆగింది, ఫార్గ్‌ని పైకి లాగారు. నోట్లో గొట్టం లేదు. 120 మీటర్ల పలక మీద సంతకం ఉంది. లోతున గాలిలోని నైట్రోజనే మనిషికి మత్తెక్కిస్తుంది. ఆ మత్తు ఎలాంటిదో రాశాక ఫార్గ్ చావు రాయి, వెనకా ముందూ విశేషణాలు వద్దు.

కలంపేరు పెట్టుకోనా అని అడిగావు, ఆ సంగతి తర్వాత చూద్దాం. తిరగరాసి పోస్టులోనే పంపు, ఫోనులో చదవడం నా కళ్ళవల్ల కాదు. పేజీకి ఒకవైపే రాయి, పక్కన మార్జిను ఎక్కువ వదులు.