మొదటి కాన్పుకి బర్త్ ప్లాన్ రాసుకోవాలా?

ఎనిమిదో నెల నడుస్తోంది, బర్త్ ప్లాన్ (కాన్పు ఎలా జరగాలనుకుంటున్నామో ముందే రాసుకునే కాగితం) రాసుకుంటే ఆసుపత్రిలో పట్టించుకుంటారా అని అడిగారు. రాసుకోండి, కానీ ఒక పేజీ దాటనివ్వకండి. దానికంటే ముందు, నొప్పుల గదిలో మీ పక్కన ఉండే మనిషిని సిద్ధం చెయ్యండి. నొప్పి వచ్చినప్పుడు ఎవరేం చెబుతున్నారో సగం చెవికెక్కదు, ఇక ప్రశ్నలేం అడుగుతాం!

నాకు ఆ మనిషి మా అక్క. అర్ధరాత్రి దాటాక పరీక్ష చేసి గర్భసంచి ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకుందన్నారు. కాసేపటికి మళ్ళీ చూసి, "ముందుకెళ్ళట్లేదు, ఉమ్మనీటి సంచి చిట్లించి, నొప్పులు పెరగడానికి డ్రిప్ పెడదాం" అంటూ సంతకానికి కాగితం తెచ్చారు. అక్క గొంతు పెంచకుండా అడిగింది. "బిడ్డ గుండె చప్పుడు బాగుందా డాక్టర్ గారూ? దీని బీపీ? రెండూ బాగుంటే ఇంకాస్త చూడకూడదా?" ఆవిడ గ్రాఫ్ తిప్పి చూసి, "బాగానే ఉన్నాయి. సరే, చూద్దాం. లేపి నడిపించండి" అన్నారు. అక్క భుజం పట్టుకుని వరండాలో తిరిగాను. తెల్లారేసరికి 7 సెంటీమీటర్లు.

తర్వాత బిడ్డ గుండె చప్పుడు పడిపోవడం మొదలైంది. పక్కకి తిప్పి పడుకోబెట్టారు, అయినా కోలుకోలేదు. ఆపరేషన్ ఎందుకు కావాలో అదే డాక్టర్ రెండు ముక్కల్లో చెప్పారు. వెంటనే సంతకం పెట్టాను. ముందు ఆగి చూడటం, తర్వాత ఆపరేషన్, ఆ రెండు నిర్ణయాలూ సరైనవేనని ఇప్పటికీ నా నమ్మకం. ఇంటికొచ్చాక "అయ్యో, నార్మల్ కాలేదా?" అని పరీక్ష తప్పినట్టు పరామర్శించినవాళ్ళంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గంటకో సెంటీమీటర్ తెరుచుకోవాలన్న లెక్క ఫ్రీడ్‌మన్ అనే డాక్టర్ 1955లో గీసిన గ్రాఫ్ నుంచి వచ్చింది. అందరికీ అలా జరగదనీ, ఆ ఒక్క కారణంతో తొందరపడొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. నొప్పులు అసలు ఊపందుకునే దశని 5 సెంటీమీటర్ల నుంచి లెక్కపెట్టమంది. ప్రతి తల్లికీ తనకి నచ్చిన తోడు పక్కనుండాలని కూడా అందులోనే ఉంది. అయినా "లోపలికి ఎవరూ రాకూడదు" అనే చోట్లు ఇంకా ఉన్నాయి. నా దృష్టిలో అది క్రూరత్వమే.

ఇంకో బాధ, ఆ సంతకాల కాగితాలు. వాటిని ఏడో నెల చెకప్‌లోనే చేతికిస్తే ఇంట్లో కూర్చుని చదువుకుంటాం కదా? నొప్పులు పడుతున్న మనిషి ముందు పెట్టేదాన్ని అంగీకారం అనడం నాకు మింగుడుపడదు. మీరు ముందే అడిగి తీసుకోండి. తోడు మనిషిని రానిస్తారా, కింద కోత అందరికీ పెడతారా లేక అవసరమైతేనేనా, రాత్రిపూట ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుముకిచ్చే మత్తు) ఇచ్చే మత్తు డాక్టర్ ఉంటారా, బొడ్డుతాడు కత్తిరించే ముందు కనీసం ఒక నిమిషం ఆగుతారా, ఇవి కూడా ఇప్పుడే తేల్చుకోండి.

రక్తస్రావం అయినా, బిడ్డ కదలికలు తగ్గినా, ఉమ్మనీరు పోయినా ప్లాన్ సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మీ పక్కన ఎవరుంటారో ఈ వారమే తేల్చుకుని, వచ్చే చెకప్‌కి వాళ్ళని వెంట తీసుకెళ్ళి డాక్టర్‌కి పరిచయం చెయ్యండి.