తాతయ్యకు ఆగని దగ్గు.. ఇంట్లో 5 వారాల పాప: టీకా వేయించొచ్చా?

ప్రశ్న: మాది సూర్యాపేట. అమ్మాయి పురిటికి మా ఇంటికి వచ్చింది. పాపకు ఇప్పుడు 5 వారాలు. మావారికి 58 ఏళ్లు. మూడు వారాలుగా దగ్గు తగ్గడం లేదు. పగలు బాగానే ఉంటారు, రాత్రయితే తెరలు తెరలుగా దగ్గి చివరికి వాంతి చేసుకుంటున్నారు. జ్వరం లేదు. ఎక్స్‌రే బాగుందన్నారు, తెమడ పరీక్షలో టీబీ లేదని వచ్చింది. పక్కింటి ఎనిమిదేళ్ల బాబుకు ఇలాగే దగ్గు వస్తే కోరింత దగ్గు అన్నారట. చిన్నప్పుడు మొదటి టీకాకు జ్వరం వచ్చిందని వాళ్లు మిగతావి వేయించలేదు. పెద్దవాళ్లకు కూడా కోరింత దగ్గు వస్తుందా? అమ్మాయికి కడుపుతో ఉన్నప్పుడు రెండు ఇంజెక్షన్లు వేశారు కదా, పాపకు రక్షణ ఉన్నట్టేనా? ఇంట్లో దగ్గు ఉండగా వచ్చే వారం పాపకు టీకా వేయించొచ్చా? - ఒక అమ్మమ్మ

జవాబు: ముందు పాప సంగతి చూద్దాం. ఇది చదవగానే, వీలైతే ఈరోజే, పాపను పిల్లల డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఒకరికి కోరింత దగ్గు అనుమానం ఉందని, పక్కింట్లో ఒక కేసు వచ్చిందని మీరే నోరు తెరిచి చెప్పాలి. పాప హుషారుగానే ఉంది, దగ్గడం లేదు కదా అని ఆగొద్దు. ఇంత చిన్న పిల్లల్లో ఈ జబ్బు దగ్గుతో మొదలవ్వాలని లేదు. పెద్ద పిల్లల్లో దగ్గు తెర ముగిశాక గాలి లోపలికి లాగేటప్పుడు వచ్చే ఆ ‘హూప్’ అనే కూత కూడా వీళ్లలో చాలాసార్లు ఉండదు. పాలు తాగుతూ తాగుతూ ఆగిపోతారు, కొన్ని సెకన్లు ఊపిరి తీసుకోరు, పెదాల చుట్టూ నీలం కమ్ముతుంది, ఒళ్లు వేలాడేస్తారు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంట్ అంటూ చూడకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లిపోండి. కోరింత దగ్గుతో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది మూడు నెలల లోపు పిల్లలే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పెద్దవాళ్లకు ఈ దగ్గు తప్పకుండా వస్తుంది. చిన్నప్పుడు వేసిన టీకా బలం కొన్నేళ్లకు తగ్గిపోతుంది. ఒకసారి జబ్బు వచ్చి తగ్గినా జీవితాంతం రక్షణ ఉండదు. జ్వరం లేకపోవడం, పగలు మామూలుగా ఉండి రాత్రి తెరలుగా రావడం, చివర్లో వాంతి.. మీవారి లక్షణాలు కోరింత దగ్గుకు బాగా సరిపోతున్నాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు మన దగ్గర ముందు టీబీ పరీక్ష చేయించాలి, అది మీరు చేయించారు, మంచిదే. ఇప్పుడు కావాల్సింది ముక్కు లోపలి నుంచి నమూనా తీసి చేసే పీసీఆర్ పరీక్ష, కోవిడ్ రోజుల్లో పుల్ల పెట్టి తీసినట్టే. దగ్గు మొదలైన మూడు నాలుగు వారాల్లోపు చేస్తేనే అది సరిగ్గా పట్టిస్తుంది కాబట్టి ఆలస్యం చేయకండి. ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు రిపోర్టు వచ్చేదాకా ఆగి మందులు మొదలుపెట్టడం మాత్రం సరికాదు.

మందు అంటే సాధారణంగా అజిత్రోమైసిన్, 5 రోజుల కోర్సు. డాక్టరు సలహాతో మీవారితో పాటు మీరు, అమ్మాయి, ఆ ఇంట్లో ఉండే అందరూ దగ్గు ఉన్నా లేకపోయినా వేసుకోవాల్సి ఉంటుంది. పాపకు బరువును బట్టి పిల్లల డాక్టరే డోసు నిర్ణయిస్తారు. గుండె లయకు సంబంధించిన సమస్య ఎవరికైనా ఉంటే ముందే చెప్పండి. ఇక్కడ ఒక మాట: మూడో వారంలో మందు వేసుకున్నంత మాత్రాన మీవారి దగ్గు వెంటనే ఆగదు. క్రిమి చేయాల్సిన నష్టం అప్పటికే గాలిగొట్టాల్లో చేసేసి ఉంటుంది, అది మానడానికి నెలలు కూడా పట్టొచ్చు. మందు ఇచ్చేది ఆయన నుంచి ఇతరులకు పాకకుండా. ‘అయిదు రోజులు వాడాను, తగ్గలేదు’ అని ఇంకో యాంటీబయాటిక్, దాని మీద ఇంకొకటి మార్చుకుంటూ పోవద్దు. మెడికల్ షాపు దగ్గు సిరప్‌ల వల్లా పెద్ద ఉపయోగం లేదు. కోర్సు పూర్తయ్యే వరకు ఆయన వేరే గదిలో పడుకోవాలి, పాపను ఎత్తుకోకూడదు. మనవరాలిని ముద్దు చేయొద్దంటే తాతయ్యకు కష్టమే, కానీ తప్పదు. అమ్మాయి పాలివ్వడం మాత్రం ఆపొద్దు. పాపకు స్నానం చేయించాక సాంబ్రాణి పొగ పట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే మానేయండి. నాలుక మీద వస కొమ్ము, తేనె నాకించడం కూడా వద్దు.

ఇక అమ్మాయికి వేసిన ఇంజెక్షన్లు. ప్రభుత్వ కార్యక్రమంలో గర్భిణులకు ఇచ్చేది టీడీ. అది ధనుర్వాతం, కంఠసర్పి నుంచే కాపాడుతుంది, అందులో కోరింత దగ్గు టీకా లేదు. అది ఉన్నది టీడాప్. గర్భం 27 నుంచి 36 వారాల మధ్య వేసుకుంటే తల్లిలో తయారైన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయి, బిడ్డకు సొంత టీకాలు పడేదాకా కాపు కాస్తాయి. బ్రిటన్‌లో 2012లో కోరింత దగ్గు విజృంభించి పసిపిల్లలు చనిపోతుంటే గర్భిణులందరికీ ఈ టీకా మొదలుపెట్టారు. మన దగ్గర ఇది ఎక్కువగా ప్రైవేటులోనే దొరుకుతుంది, ఖరీదు కూడా ఎక్కువే. ఆ స్తోమత లేని గర్భిణులకు అది అందకపోవడం నాకు నచ్చని విషయం. అమ్మాయి కార్డులో ఏం రాశారో ఒకసారి చూడండి. టీడీ అనే ఉంటే ఇప్పుడు టీడాప్ వేయించుకోవచ్చు. పాపకు యాంటీబాడీలు మాయ ద్వారా అందే సమయం దాటిపోయింది గానీ, తల్లి నుంచి బిడ్డకు జబ్బు అంటుకునే ప్రమాదం తగ్గుతుంది. మళ్లీ గర్భం వస్తే అప్పుడూ వేయించుకోవాలి.

పాప టీకా వాయిదా వేయకండి. ఇంట్లో దగ్గు ఉండటమే కాదు, పాపకు కాస్త జలుబు చేసినా అడ్డు కాదు. 6 వారాలు నిండగానే మొదటి పెంటావాలెంట్ (కోరింత దగ్గుతో కలిపి ఐదు జబ్బులకు ఒకే టీకా), తర్వాత 10, 14 వారాలకు మిగతా రెండు. మొదటి డోసుతోనే పూర్తి రక్షణ రాదు, మూడూ పడాలి. ఆ తర్వాత 16-24 నెలల మధ్య ఒక డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్, 5-6 ఏళ్లకు ఇంకొకటి. ఈ రెండో బూస్టర్‌ను బడి హడావిడిలో పడి చాలా ఇళ్లలో మర్చిపోతారు.

టీకా వేశాక ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ దగ్గర వాపు, చిరాకు ఉంటాయి. బరువును బట్టి పారాసిటమాల్ చుక్కలు సరిపోతాయి. అక్కడ చిన్న గడ్డ కొన్ని వారాలు ఉండిపోయినా నొప్పి లేకపోతే భయం లేదు. రుద్దడం, కాపడం పెట్టడం వద్దు. ప్రైవేటులో ‘నొప్పి లేని టీకా’ అని ఇచ్చే దాంట్లో జ్వరం తక్కువే గానీ, కోరింత దగ్గు మీద దాని రక్షణ త్వరగా తగ్గుతుంది. ఉచితంగా ఇచ్చేదాన్ని తక్కువగా చూడాల్సిన పని లేదు.

జ్వరానికి భయపడి టీకాలు మానేస్తే ఏమవుతుందో జపాన్ చూసింది. 1970ల మధ్యలో టీకా తర్వాత ఇద్దరు పిల్లలు చనిపోవడంతో జనం భయపడిపోయారు, వేయించుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు. 1974లో ఆ దేశంలో నాలుగు వందల లోపు కేసులే, మరణాలు లేవు. 1979లో దాదాపు 13,000 కేసులు వచ్చాయి, 41 మంది చనిపోయారు. మీ పక్కింటివాళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. పిల్లాడి ఒళ్లు కాలిపోతుంటే ఏ తల్లికైనా టెన్షనే. ఆ రోజు ఇలా జ్వరం వస్తుంది, రెండు రోజుల్లో పోతుంది అని కూర్చోబెట్టి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ బాబుకు 7 ఏళ్లు దాటాయి కాబట్టి డీపీటీ వేయరు, డాక్టరును అడిగి టీడాప్‌తో మొదలుపెట్టొచ్చు. యాంటీబయాటిక్ 5 రోజులు పూర్తయ్యే వరకు బడికి పంపొద్దని చెప్పండి. మీ ఏఎన్‌ఎంకు గానీ ఆశా కార్యకర్తకు గానీ ఈ రెండు ఇళ్ల సంగతి తెలియజేయండి. కోరింత దగ్గు కేసులను ఆరోగ్య శాఖ నమోదు చేస్తుంది. మీ వీధిలో ఎవరెవరికి ఏ డోసు మిగిలిందో కార్డులు చూసి, టీకాలు వేసే బుధవారమో శనివారమో పిలిపిస్తారు.