అబద్ధమేమోనన్న అనుమానం ఉన్నా జనం వాట్సాప్‌లో ఎందుకు పంపుతారు? తెలిసినవాళ్లు ఎందుకు ఊరుకుంటారు?

చదువు లేకపోవడమే దీనికి కారణమా అని మీరు అడిగారు. నాకలా అనిపించదు. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకును కమీషన్‌పై అమ్మిపెట్టే దుకాణంలో, గుమాస్తాను. మిర్చి సీజను వచ్చిందంటే రోజంతా రైతుల ఫోన్లే.

ధర విషయంలో వాళ్లను బోల్తా కొట్టించడం తేలిక కాదు. పొద్దున జెండా పాటలో, అంటే మార్కెట్‌లో జరిగే మొదటి వేలంలో, పలికిన ధర నిమిషాల్లో గ్రూపులన్నీ చుట్టేస్తుంది. అది మేలైన సరుకుకు పలికిన ధర అనీ, తెచ్చిన ప్రతి బస్తాకూ రాదనీ వాళ్లకు తెలుసు. మొన్నటి సీజనులో ములుగు వైపు రైతు ఒకాయన తక్‌పట్టీ (సరుకు అమ్మిన చీటీ) ఫొటో ఒకటి పంపాడు. తేజ రకం మిర్చికి కళ్లు తిరిగే ధర వేసి ఉంది, తేదీ ఉండాల్సిన మూల కత్తిరించి ఉంది. "తమ్మీ, తేదీ ఎందుకు కోసినట్టు?" అని అడిగాడు. నేను విచారించి చెప్పేలోపే ఇంకో ఇద్దరు అడ్తిదారులకు ఫోను చేసి, అది పాత పట్టీ అని తేల్చుకున్నాడు.

అదే మనిషి ఆ సాయంత్రం, ఏదో ఆకు కషాయంతో షుగరు శాశ్వతంగా పోతుందని నాకు పంపాడు. నిజమేనా అంటే, "ఏమో, ఎవరికైనా పనికొస్తుందని పంపాను" అన్నాడు. ఆరా తీయడం ఆయనకు రాదని ఎలా అంటాం? ధర తప్పయితే బండి కిరాయి తన నెత్తిన పడుతుంది. కషాయం అబద్ధమైతే తనకు పోయేదేమీ లేదు, పైగా నలుగురి మేలు కోరానన్న తృప్తి.

పోయేది ఇంకొకరికి. 2018 మేలో పిల్లలను ఎత్తుకెళ్లే ముఠా వచ్చిందన్న పుకార్లకు మన రాష్ట్రంలోనూ అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను ఒకసారికి 5 చాట్లకు పరిమితం చేసింది. చాలాసార్లు చేతులు మారిన సందేశానికి జంట బాణాల గుర్తు తరువాత వచ్చింది. మా బంధువుల్లో కొందరు ఆ గుర్తును చూసి, ఇంతమంది పంపారంటే నిజమే అయ్యుంటుందంటారు!

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2023 జులై వానలకు భద్రకాళి చెరువు కట్టకు గండి పడిందన్న వార్త రాగానే, మా గ్రూపులో ఒకరు "పాత వీడియో" అని కొట్టిపారేశారు. గండి నిజంగానే పడింది.

ఇక ఊరుకోవడం సంగతి. నలుగురి ముందు మేనమామను "ఇది తప్పు" అంటే వార్త పక్కకు పోయి మర్యాద పంచాయితీ మొదలవుతుంది. అందుకే నేను విడిగా ఫోను చేసి, "మామయ్యా, ఇది మీకు ఎవరు పంపారు? ఎప్పటిదో ఒకసారి అడగండి" అంటాను. ఒక్కోసారి ఆయనే తీసేస్తారు, ఒక్కోసారి ఫోను పెట్టేస్తారు. షుగరు మాత్రలు మానేయమనే రకం వస్తే మాత్రం ఆగను, గ్రూపులోనే రాసేస్తాను. ఆయన అలిగితే తరువాత ఇంటికి వెళ్లి మాట్లాడుకోవచ్చు.